హైస్కూల్ పిల్లలకి చట్టం పాఠం ఎలా చెప్పాలి: కాగితం చేతిలో పెట్టి మొదలుపెట్టండి

ఇది హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ల కోసం రాస్తున్నా, ముఖ్యంగా ఎనిమిది, తొమ్మిది తరగతులు చూసేవాళ్ళ కోసం. రాజ్యాంగం, చట్టాలు, కోర్టులు అనే పాఠాలు వచ్చేసరికి చాలా స్కూళ్ళల్లో జరిగేది ఒకటే, పాఠం ఒకసారి చదివించడం, గైడులో ఉన్న ప్రశ్న జవాబులు రాయించడం, స్లిప్ టెస్టు పెట్టి మ్యాపుల మీదకి వెళ్ళిపోవడం. సిలబస్ తరుముతుంటే ఎవరైనా అదే చేస్తారు, అందులో ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. కానీ మన దగ్గర పది పాసైన పిల్లల్లో ఎంతోమంది ఎంపీసీకో బైపీసీకో పాలిటెక్నిక్‌కో పోతారు, అక్కడ సివిక్స్ ఉండదు, అంటే వాళ్ళ మొత్తం చదువులో చట్టం గురించి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పే ఆఖరి క్లాసు మనదే. ఆ క్లాసులో ఆర్టికల్ 21 అంటే జీవించే హక్కు అని బిట్ పేపర్లో పెట్టడం ఒక్కటే నేర్పి పంపిస్తే, రేపు సైకిల్ పోతే స్టేషన్లో కంప్లైంట్ ఎలా రాయాలో, కోర్టు నుంచి నోటీసు వస్తే ఎవర్ని కలవాలో ఎక్కడ నేర్చుకుంటారు?

నేను చెప్పే పద్ధతి చాలా సింపుల్. పుస్తకం కంటే ముందు పిల్లల చేతిలో ఒక నిజమైన కాగితం పెట్టాలి. ఆ కాగితం మీద ఉన్న రూలు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, తప్పితే ఎవరి దగ్గరికి పోవాలి అని అడుగుతూ పైకి వెళ్ళాలి, అలా వెళ్తే చివరికి రాజ్యాంగం వస్తుంది. పైనుంచి కిందకి, అంటే రాజ్యాంగ సభ దగ్గర మొదలుపెట్టి వస్తే పిల్లలు మధ్యలోనే జారిపోతారు, ఎందుకంటే 1949 నవంబర్ 26న ఢిల్లీలో ఆమోదించిన దానికీ తమ ఊరికీ సంబంధం ఏంటో వాళ్ళకి కనపడదు.

మొదటి పీరియడ్‌కి బిస్కెట్ ప్యాకెట్లు చాలు. ముందురోజే చెప్పండి, ఇంట్లో ఖాళీ అయిన ప్యాకెట్ కవర్ ఏదైనా పట్టుకురమ్మని, బిస్కెట్‌ది, సబ్బుది, టీపొడిది, ఏదైనా పర్లేదు. క్లాసులో గ్రూపులు చేసి దాని మీద ఏమేం రాసుందో రాయమనండి. తయారుచేసిన వాళ్ళ పేరు అడ్రసు, నికర బరువు, తయారైన నెల, అన్ని పన్నులు కలిపి ఎమ్మార్పీ, కంప్లైంట్ చెయ్యడానికి ఫోన్ నంబరు. ప్రతి ప్యాకెట్ మీద ఇవే ఎందుకున్నాయి, కంపెనీ వాళ్ళు మంచివాళ్ళై రాశారా అని అడగండి, అప్పుడు ఎవరో ఒకరు "రూలు ఉంటది సార్" అంటారు. ఆ రూలు 2011లో వచ్చిన ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, ఆ రూల్స్‌కి తల్లి 2009లో పార్లమెంటు చేసిన లీగల్ మెట్రాలజీ చట్టం, దాన్ని అమలు చేసేది మనం తూనికలు కొలతల శాఖ అని పిలిచే డిపార్ట్‌మెంటు, అసలు తూనికల ప్రమాణాల మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుకి ఎక్కడ్నుంచి వచ్చిందంటే రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితా నుంచి. చూడండి, ఒక ఖాళీ కవరు పట్టుకుని నలభై ఐదు నిమిషాల్లో కేంద్ర జాబితా దాకా వచ్చేశాం, ఇదే విషయం జాబితాల పట్టిక బోర్డు మీద రాసి చెప్తే ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడే బస్టాండ్లో ఇరవై రూపాయల వాటర్ బాటిల్‌కి కూలింగ్ చార్జీ అని పాతిక తీసుకునే సంగతి పిల్లలే ఎత్తుతారు. షాపులో ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోకూడదు అని గట్టిగా చెప్పండి. ఎవరైనా తెలివైన పిల్ల "మరి హోటల్లో తీసుకుంటారు కదా" అంటే ఆ ప్రశ్నని వదలొద్దు, హోటళ్ళలో కూర్చోబెట్టి సర్వీసు చేసేచోట ఈ రూలు వర్తించదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే చట్టంలో ఉన్న మాట ఎక్కడిదాకా వర్తిస్తుందో తేల్చేది కోర్టు అనే విషయం అక్కడే అర్థమైపోతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నోట్సులో రాయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్లో లాయర్ లేకుండా మనమే కేసు వేసుకోవచ్చని, వస్తువుకి కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదని చెప్పండి. విత్తనాలు మొలవక నష్టపోయిన రైతుల ఇళ్ళ పిల్లలు క్లాసులో ఉంటే ఈ ముక్క వాళ్ళు ఇంటికి తీసుకెళ్తారు, బిల్లు దాచుకోవడం ఎందుకు ముఖ్యమో అమ్మానాన్నకి వాళ్ళే చెప్తారు.

రెండోది ఎఫ్ఐఆర్, దీనికి కనీసం రెండు పీరియడ్లు ఇవ్వాలి, తగ్గించొద్దు. పోలీసులంటే భయం, స్టేషన్ గడప తొక్కడమే పరువు తక్కువ అనే ఆలోచన మన ఊళ్ళల్లో ఇంకా ఉంది, అది పోవాలంటే ముందు కాగితం రాయడం రావాలి. ఊహించిన సంఘటన ఒకటి ఇవ్వండి, జాతరలో సైకిల్ పోయింది అనుకోండి. ప్రతి ఒక్కరూ స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి అని మొదలుపెట్టి కంప్లైంట్ రాయాలి. మొదటిసారి రాసినవి చదివితే మీకే తెలుస్తుంది, సైకిల్ రంగు ఉండదు, టైము ఉండదు, ఎక్కడ పెట్టారో ఉండదు, కానీ "కావున దయచేసి నా సైకిల్ ఇప్పించగలరని ప్రార్థన" అని మాత్రం అందరూ రాస్తారు, లీవ్ లెటర్ అలవాటు అది. అప్పుడు బోర్డు మీద రాయండి, ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద అనుమానం, ఎవరు చూశారు, పోయిన వస్తువు గుర్తులేంటి. మళ్ళీ రాయించండి. రెండోసారి రాసినవి పక్కవాళ్ళకి ఇచ్చి, నువ్వే ఎస్సై అయితే ఈ కాగితంతో సైకిల్ వెతకగలవా అని అడగండి, సరిదిద్దే పని వాళ్ళే చేసుకుంటారు.

రాయడం అయ్యాక తర్వాత ఏం జరుగుతుందో చెప్పండి. పోయిన వస్తువు విలువ ఐదు వేలకి తగ్గని దొంగతనం లాంటి నేరం గురించి సమాచారం ఇస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, ఆ కాపీ కంప్లైంట్ ఇచ్చినవాళ్ళకి ఉచితంగా ఇవ్వాలి, వేరే స్టేషన్ పరిధిలో జరిగింది అని తిప్పి పంపకూడదు, ఏ స్టేషన్లో అయినా జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఆన్‌లైన్లో కూడా ఇవ్వొచ్చు, కానీ మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇవన్నీ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్లో ఉన్నాయి. మన దగ్గర తిరిగే పాత గైడుల్లో, క్వశ్చన్ బ్యాంకుల్లో ఇంకా ఐపీసీ, సీఆర్‌పీసీ నంబర్లే కనపడతాయి, 2024 జూలై 1 నుంచి వాటి స్థానంలో కొత్త సంహితలు వచ్చాయి, హత్యకి 302 పోయి 103 వచ్చింది, మోసానికి 420 పోయి 318 వచ్చింది, పాత మెటీరియల్ వాడేటప్పుడు ఇది సరిచూసుకోండి. అయితే ఆ తేదీ కంటే ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీ శిక్షలే వర్తిస్తాయి, ఎందుకని అడిగితే ఆర్టికల్ 20 తియ్యండి, నేరం జరిగిన రోజున ఉన్న చట్టం ప్రకారమే శిక్ష వెయ్యాలి అని అందులో ఉంది. నంబర్లు బట్టీ పట్టించాల్సిన అవసరం మాత్రం అస్సలు లేదు, నంబర్లు మారతాయి, కాపీ ఉచితం అన్న సంగతి గుర్తుంటే చాలు.

అరెస్టు గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి. 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, కారణం చెప్పాలి, తనకి నచ్చిన లాయర్ని పెట్టుకునే హక్కు ఉంది, ఇవి ఆర్టికల్ 22. ఆడవాళ్ళని మామూలుగా చీకటి పడ్డాక అరెస్టు చెయ్యకూడదు, తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. 18 ఏళ్ళ లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, వాళ్ళ కేసులు చూసేది జువెనైల్ జస్టిస్ బోర్డు. ఇలా చెప్తున్నప్పుడు పోలీసుల్ని విలన్లుగా చూపించే టోన్ రాకుండా చూసుకోండి, క్లాసులో కానిస్టేబుల్ గారి అమ్మాయి కూడా కూర్చుని ఉంటుంది, హక్కు గురించి చెప్పడానికి ఒక ఉద్యోగాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు.

మాక్ కోర్టు అనగానే చాలామంది సినిమా సీను వేయిస్తారు, బల్ల గుద్దడం, అబ్జెక్షన్ యువరానర్ అని అరవడం, చివర్లో జడ్జి సుత్తి కొట్టడం, పిల్లలకి సరదాగా ఉంటుంది కానీ చట్టం ఏమీ ఎక్కదు. నేను గట్టిగా నమ్మేది ఏంటంటే మాక్ కోర్టుకి నిజంగా జరిగిన కేసు తీసుకోవాలి, అది కూడా పిల్లల వయసు వాళ్ళది అయితే ఇంకా మంచిది. దీనికి బిజో ఇమ్మాన్యుయేల్ కేసుని మించింది లేదు.

సంగతి ఇది. 1985లో కేరళలో ఒకే ఇంటి ముగ్గురు పిల్లలు, పదో తరగతి, తొమ్మిది, ఐదు చదువుతున్నవాళ్ళు, స్కూల్ అసెంబ్లీలో జనగణమన పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్ళు కానీ పాడేవాళ్ళు కాదు, తమ మతం ప్రకారం దేవుడికి తప్ప ఇంకెవరికీ స్తుతిగీతం పాడకూడదని వాళ్ళ నమ్మకం. ఒక ఎమ్మెల్యే దీన్ని అసెంబ్లీలో లేవనెత్తాడు, ప్రభుత్వం వేసిన కమిషన్ పిల్లలు బుద్ధిమంతులే, జాతీయ గీతాన్ని అవమానించలేదు అని చెప్పింది, అయినా జూలైలో ముగ్గుర్నీ స్కూల్ నుంచి పంపేశారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఇంతవరకే పిల్లలకి చెప్పండి, తీర్పు చెప్పొద్దు, గూగుల్ చెయ్యొద్దని మాట తీసుకోండి.

ఇప్పుడు క్లాసుని విడదీయాలి. ఒక గ్రూపు పిల్లల తరఫు లాయర్లు, ఇంకో గ్రూపు కేరళ ప్రభుత్వం తరఫు. ఇది అప్పీలు కాబట్టి సాక్షులు ఉండరు, బోనులు ఉండవు, ఈ తేడా ముందే చెప్పండి, సాక్షుల్ని ప్రశ్నించడం కింది కోర్టులో జరిగే పని. రెండు గ్రూపులకీ ఒక్కో పేజీ మెటీరియల్ ఇవ్వండి. ప్రభుత్వం వైపు వాళ్ళకి ఆర్టికల్ 51ఎ, జాతీయ గీతాన్ని గౌరవించడం ప్రతి పౌరుడి విధి అన్నది, ఇంకా పాడాలని చెప్పే విద్యాశాఖ సర్క్యులర్లు. పిల్లల వైపు వాళ్ళకి ఆర్టికల్ 19లో భావ ప్రకటన స్వేచ్ఛ, ఆర్టికల్ 25లో మత స్వేచ్ఛ, ఇంకా 1971 జాతీయ గౌరవ చట్టం, దాంట్లో జాతీయ గీతం పాడకుండా ఎవర్నైనా అడ్డుకుంటే, పాడుతున్న చోట గొడవ చేస్తే శిక్ష అని ఉంది కానీ పాడని వాళ్ళకి శిక్ష అని లేదు. ఈ చిన్న తేడాని ఎవరు పట్టుకుంటారో చూడండి, చదువులో వెనకపడ్డాడు అని మనం అనుకునే పిల్లాడే పట్టుకోవచ్చు, ఎందుకంటే ఇది బట్టీకి సంబంధించింది కాదు, చట్టంలో ఏముంది ఏం లేదు అని జాగ్రత్తగా చదవడానికి సంబంధించింది.

మిగిలిన వాళ్ళందరూ జడ్జీలే. యాభై మంది ఉన్న క్లాసులో ఒక్క జడ్జిని పెట్టి మిగతావాళ్ళని ప్రేక్షకుల్ని చేస్తే పది నిమిషాల్లో వెనక బెంచీలో గోల మొదలవుతుంది. ముగ్గురు ముగ్గురు చొప్పున జడ్జీల బెంచీలు చేసెయ్యండి, అందరూ అవే వాదనలు వింటారు, కానీ ఏ బెంచికా బెంచి విడిగా తీర్పు రాయాలి. తీర్పులో ఎవరు గెలిచారో ఒక్కటే రాస్తే ఒప్పుకోవద్దు, ఓడిపోయిన వాళ్ళ వాదనలో బలమైన పాయింటు ఏంటి, అది ఎందుకు సరిపోలేదు అని రాయాలి. ముగ్గురిలో ఒకరు ఒప్పుకోకపోతే విడిగా తన మాట రాసుకోవచ్చు, నిజమైన కోర్టుల్లో కూడా అలాగే చేస్తారు. ఒకే వాదనలు విన్న బెంచీలు వేరేవేరే తీర్పులిస్తాయి, ఆ రోజు క్లాసులో జరిగే చర్చ మీరు ఆపుదామన్నా ఆగదు.

ఆ తర్వాత అసలు తీర్పు చెప్పండి. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు పిల్లల వైపే తీర్పిచ్చింది, స్కూల్లో మళ్ళీ చేర్చుకోమంది, లేచి నిలబడటంలో గౌరవం ఉంది, పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పట్లేదు అని. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అని ఆయన తీర్పు చివర్లో రాశారు, ఆ వాక్యం ఏ పుస్తకంలో పాఠంకన్నా పిల్లలకి బాగా గుర్తుండిపోతుంది. ఒక జాగ్రత్త, ఇది సున్నితమైన విషయం కాబట్టి ముందే హెచ్ఎం గారికి చెప్పండి, సుప్రీంకోర్టు తీర్పు చదివిస్తున్నాం అని లెసన్ ప్లాన్‌లో రాసిపెట్టండి, బయట ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. పిల్లలు ప్రభుత్వం వైపు గట్టిగా నిలబడితే వాళ్ళని మీ వైపు లాగొద్దు, కేరళ హైకోర్టు జడ్జీలు కూడా అలాగే అనుకున్నారు కదా.

మీ ఊళ్ళో ఈ కేసు వద్దు అనిపిస్తే చదువు హక్కు కేసులు తీసుకోండి, వాటిలో ఒకటి మన ఆంధ్రప్రదేశ్‌కి నేరుగా సంబంధం ఉన్నదే. 1992లో మోహినీ జైన్ కేసు, కర్ణాటకలో ప్రైవేట్ మెడికల్ కాలేజీలో గవర్నమెంట్ సీటుకి ఏడాదికి రెండు వేలు ఉంటే బయట రాష్ట్రం పిల్లలకి 60 వేలు అడిగారు, చదువు కూడా హక్కే అని కోర్టు చెప్పింది. తర్వాతి ఏడాదే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 14 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు, ఆపైన ప్రభుత్వ స్తోమతని బట్టి అని తేల్చింది. దాని కొనసాగింపుగా 2002లో 86వ సవరణతో 21ఎ వచ్చింది, 2009లో విద్యా హక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని కొట్టకూడదు అని ఆ చట్టంలో 17వ సెక్షన్ చెప్తుంది, అది పిల్లలకి చెప్పడానికి కొంతమంది టీచర్లు వెనకాడతారు, చెప్పాల్సిందే, మనకి వర్తించే చట్టం దాచిపెట్టి మిగతా చట్టాలు చెప్తే పిల్లలు నమ్మరు.

సమాచార హక్కు (ఆర్టీఐ) పాఠం మాత్రం నిజంగా అప్లికేషన్ పెట్టకుండా అవ్వలేదు అనుకోండి. పుస్తకంలో 2005 చట్టం, 30 రోజులు, 10 రూపాయలు అని ఉంటుంది, మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి అసలు ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10, తెల్ల కార్డు ఉన్నవాళ్ళకి ఎక్కడా లేదు. కాబట్టి గ్రామ పంచాయతీకే పెట్టండి, పైసా ఖర్చు లేదు. పిల్లలు ముందు ప్రశ్నలు రాస్తారు, "మా వీధిలో లైట్లు ఎందుకు వెయ్యట్లేదు" అని. ఎందుకు అని అడిగితే సమాధానం రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న రికార్డు, సంజాయిషీ కాదు. దాన్నే ఇలా మార్పించండి: "గత ఏడాది వీధి దీపాల కొనుగోలు, మరమ్మతులకి చేసిన ఖర్చు వివరాలు, బిల్లుల కాపీలు ఇప్పించగలరు", "మంచినీళ్ళ ట్యాంకు శుభ్రం చేసిన తేదీల రిజిస్టర్ కాపీ ఇప్పించగలరు". ఎందుకు కావాలో కారణం చెప్పక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు. సంతకం మాత్రం ఇష్టపడిన ఒక పేరెంట్‌తో పెట్టించండి, పిల్లల పేరు మీద వద్దు, ఊళ్ళో రాజకీయాల్లో పిల్లల్ని ఇరికించకూడదు. పంపే ముందు కార్యదర్శి గారికి ఇది స్కూల్ ప్రాజెక్టు అని ఒక మాట చెప్తే మంచిది, కొంతమంది కార్యదర్శులైతే స్వయంగా వచ్చి రిజిస్టర్లు చూపిస్తారు, అది ఇంకా పెద్ద పాఠం. అప్లికేషన్ జిరాక్స్, రశీదు క్లాసులో గోడకి అంటించి 30 రోజులు లెక్కపెట్టించండి. జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఎవరికి, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు ఎలా అన్నది అప్పుడు చెప్తే చెవులు రిక్కించి వింటారు.

ఆడపిల్లల ఆస్తి హక్కు గురించి తప్పకుండా ఒక పీరియడ్ పెట్టండి, ఇది మన తెలుగు నేల నుంచి మొదలైన వాటిలో ఒకటి కాబట్టి గర్వంగా చెప్పొచ్చు. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది, దేశం మొత్తానికి అలాంటి చట్టం వచ్చింది 2005 సెప్టెంబర్ 9న, ఇరవై ఏళ్ళ తర్వాత. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లలు వెంటనే తమ ఇంటి గొడవలు అడుగుతారు, మేనత్తకి వాటా ఇవ్వాలా అని. ఎవరి ఇంటి తగాదాకీ తీర్పు చెప్పకండి. ఉమ్మడి ఆస్తి వేరు, తండ్రి సొంతంగా సంపాదించింది వేరు, సొంత ఆస్తిని ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు, కాబట్టి కాగితాలు చూడకుండా ఎవరూ చెప్పలేరు, న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా అడగొచ్చు అని అక్కడికి దారి చూపించండి.

ఆ సంస్థ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు, వీళ్ళకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయర్ని పెడతారు, ఫోన్ నంబరు 15100. అంటే మీ క్లాసులో కూర్చున్న ప్రతి ఒక్కరూ అర్హులే, ఇంట్లో అమ్మ కూడా అర్హురాలే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి హెచ్ఎం గారి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాస్తే స్కూల్‌కి జడ్జి గారు, లాయర్లు వచ్చి మాట్లాడతారు, లీగల్ లిటరసీ క్లబ్ పెట్టుకోవడానికి కూడా సాయం చేస్తారు. వాళ్ళు వచ్చినప్పుడు శాలువాలు, ఉపన్యాసాలతో సరిపెట్టొద్దు, పిల్లలతో ముందే ప్రశ్నలు రాయించి ఉంచండి, "మీరు తప్పు తీర్పు ఇస్తే ఏమవుతుంది" లాంటి ప్రశ్న కూడా ఉండనివ్వండి, అప్పీలు గురించి అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

కోర్టుకి తీసుకెళ్ళడం కూడా కష్టం కాదు. మామూలుగా మన కోర్టులు అందరికీ తెరిచే ఉంటాయి, పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, లాంటి కేసుల విచారణ మాత్రం తలుపులు మూసి చేస్తారు. టౌన్లో మెజిస్ట్రేట్ కోర్టుకి ముందే పర్మిషన్ తీసుకుని పదిహేను ఇరవై మందిని మాత్రమే తీసుకెళ్ళండి. సగం కేసులు వాయిదాకే పోతాయి, పిలుపు, లాయర్ లేచి ఒక మాట, వాయిదా, అంతే, పిల్లలు డీలా పడతారు. ముందే చెప్పి తీసుకెళ్ళండి, ప్రతి పిల్లకీ ఒక పని ఇవ్వండి, ఒకరు ఎన్ని కేసులు పిలిచారో లెక్క, ఒకరు ఎన్ని ఎందుకు వాయిదా పడ్డాయో, ఒకరు ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో బొమ్మ. మర్నాడు ఆ లెక్కలతోనే న్యాయం ఆలస్యం అవ్వడం గురించి మాట్లాడండి. నిందితుల్ని, వాళ్ళ ఇంటివాళ్ళని వేలు పెట్టి చూపించకూడదు, ఫోటోలు తియ్యకూడదు, నేరం రుజువయ్యేదాకా అతను దోషి కాదు అని బస్సు ఎక్కేముందే చెప్పాలి.

ఇప్పుడు ఈ గైడులో అన్నిటికంటే సీరియస్ విషయం. బాల్య వివాహాలు, పోక్సో పాఠాలు చెప్తే ఆ రోజో, వారానికో ఏదో ఒక పిల్ల మీ దగ్గరికొచ్చి మెల్లగా ఏదో చెప్పొచ్చు. అందుకు మీరు ముందే సిద్ధంగా ఉండాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పెద్దమనుషుల్లో పెడదాం, స్కూల్ పేరు పోతుంది, పిల్ల భవిష్యత్తు అని ఎవరెన్ని చెప్పినా వినొద్దు. పిల్ల చెప్పింది ప్రశాంతంగా వినండి, నీ తప్పేం లేదు అని చెప్పండి, గుచ్చి గుచ్చి వివరాలు అడగొద్దు, అది అడిగే పని వేరేవాళ్ళది. ఎవరికీ చెప్పను అని మాట ఇవ్వొద్దు, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు, నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్తాను అనండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, 112 రెండూ ఉన్నాయి. స్టాఫ్ రూంలో మాత్రం పేరు నోరు జారకూడదు. బాల్య వివాహం సంగతైతే అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి, ముహూర్తం కుదిరిందని తెలిసిన వెంటనే 1098కి చెప్తే పెళ్ళి ఆగే అవకాశం ఎక్కువ.

మగపిల్లలకి బాగా ఎక్కేది బండి పాఠం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 199ఎ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే గార్డియన్‌కి లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేలు జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. స్కూల్ గేటు బయట బైకులు పెట్టే తొమ్మిదో తరగతి వాళ్ళకి ఇది చదివి వినిపించి, ఇంటికెళ్ళి నాన్నకి చెప్పి సంతకం పెట్టించుకురమ్మనండి.

మార్కుల సంగతి. ఇదంతా చేస్తే సిలబస్ ఎలా అని అడుగుతారు, ఎఫ్ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు వర్క్ ఉంటుంది కదా, ఆర్టీఐ అప్లికేషన్, రాసిన తీర్పు, కోర్టు లెక్కలు, ఇవే ప్రాజెక్టులు, కొత్తగా చార్టులు కొనిపించక్కర్లేదు. స్లిప్ టెస్టులో ప్రాథమిక హక్కులు ఏవి అని అడగడం మానేసి ఇలాంటివి పెట్టండి: "రమ ఫోను బస్సులో పోయింది, దిగిన ఊళ్ళో స్టేషన్‌కి వెళ్తే బస్సెక్కిన ఊళ్ళో ఇవ్వమన్నారు, రమ ఏం చెప్పాలి?" "నీ కిరాణా కొట్టు మామయ్య ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటే కంప్లైంట్ ఇస్తావా, ముందు మాట్లాడతావా, ఎందుకు?" రెండోదానికి ఒక్క జవాబు అంటూ ఉండదు, కారణం బాగుంటే ఏ జవాబుకైనా మార్కులు వెయ్యండి.

ఎప్పుడు చెయ్యాలంటే, బిస్కెట్ ప్యాకెట్టు, ఎఫ్ఐఆర్ జూలై ఆగస్టుల్లో అయిపోవాలి. ఆర్టీఐ దసరా సెలవుల ముందు పంపితే సెలవులయ్యాక కొన్ని రోజులకి జవాబు గడువు వస్తుంది. జడ్జి గారిని నవంబర్ 9న న్యాయ సేవల దినానికో, 26న రాజ్యాంగ దినోత్సవానికో పిలవండి, కానీ ఆ రోజుల్లో అన్ని స్కూళ్ళూ పిలుస్తాయి కాబట్టి ఉత్తరం అక్టోబర్ మొదట్లోనే పెట్టాలి. మాక్ కోర్టు డిసెంబర్లో. సంక్రాంతి తర్వాత పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలవుతాయి, వాళ్ళని కదపొద్దు, కోర్టు విజిట్‌కి ఎనిమిది తొమ్మిది వాళ్ళని ఫిబ్రవరిలో తీసుకెళ్ళండి, ఎండలు ముదరకముందే, పేరెంట్స్ అంగీకార పత్రాలు మాత్రం జనవరిలోనే తీసి ఫైల్లో పెట్టుకోండి.